సగ అడిగిన తర్వాత అడగాల్సిన ఇంకో మాట

(సంఘం యువజన సభలో ఐటీ కారిడార్‌లో ఉంటున్న ఆదివాసీ విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి విద్యార్థులు నాలుగు మాటలు చెప్పండని సంఘం పెద్దలు అడిగినప్పుడు మేం వెనకాడాం. మేం డాక్టర్లం కాదు. పైగా ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ళు హైటెక్ సిటీలో గల్లీకొకరు ఉన్నారు. ఇక్కడ అందరి నోటా వినిపించేది ఫ్యాటీ లివర్. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో కాలేయానికి కొవ్వు పట్టినట్టు తేలిందని 2025లో పేపర్లన్నీ రాశాయి. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, రాత్రి నిద్ర లేకపోవడం, వేళాపాళా లేని తిండి దానికి కారణాలు. అవి మాకూ ఉన్నాయి. కానీ మేం చెప్పేది ఇక్కడ ఎవరూ మాట్లాడని జబ్బు గురించి. అది మేం ఊరి నుంచి మా రక్తంలో తెచ్చుకున్నది. దాని పేరు సికిల్ సెల్.

మేం అయిదుగురం. మావి ఉట్నూర్, జైనూర్, నార్నూర్ వైపు ఊళ్ళు. గచ్చిబౌలి అంజయ్య నగర్‌లో ఒకే గదిలో ఉంటున్నాం. ముగ్గురం పగలు కాలేజీకి పోతాం. ఇద్దరు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతూ మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తారు. ఆ ఇద్దరిలో చిన్నవాణ్ణి ఇక్కడ తమ్ముడు అంటాం. పేరు చెప్పవద్దన్నాడు, సంగతి మాత్రం చెప్పమన్నాడు.

తమ్ముడికి చిన్నప్పటి నుంచీ ఒళ్ళు నొప్పులు. చలికాలం వస్తే కాళ్ళు, నడుము పట్టుకుపోయేవి. ఊళ్ళో గాలి సోకిందన్నారు. కళ్ళు పచ్చబడితే కామెర్లని పసరు పోయించారు. దండారి రోజుల్లో తోటివాళ్ళు గుస్సాడీ వేషం కట్టి ఆడుతుంటే వీడు ఇంట్లో కంబళి కప్పుకొని పడుకునేవాడు. హాస్టల్లో చేరాక బద్ధకస్తుడని పేరొచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం.

హైదరాబాద్ వచ్చాక నొప్పులు ఎక్కువయ్యాయి. రాత్రంతా ఏసీలో పని. బాత్రూమ్‌కు మాటిమాటికీ లేస్తే ఏమంటారోనని నీళ్ళు తక్కువ తాగేవాడు. పొద్దున గదికి వచ్చేసరికి కళ్ళు పచ్చగా, మొహం వాడిపోయి ఉండేది. తాగి వస్తున్నాడని ఇంటి ఓనర్ అనుకున్నాడు. మేమూ ఒకసారి నోరు వాసన చూశాం. ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా దాచి లాభం లేదు.

ఒక జనవరి రాత్రి ఛాతీలో, వెన్నులో నొప్పితో తమ్ముడు కేకలు పెట్టాడు. దగ్గర్లోని క్లినిక్‌లో సూది వేసి, గ్యాస్ అని చెప్పి పంపారు. తెల్లారేసరికి నొప్పి మళ్ళీ మొదలైంది. ఈసారి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఒక డాక్టరమ్మ చూసి, ముందు ‘మీది ఏ జిల్లా? మీరు ఏ తెగవాళ్ళు?’ అని అడిగారు. మాకు కోపమొచ్చింది. ఈ ఊళ్ళో గది అద్దెకు అడిగినప్పుడల్లా వినే ప్రశ్నే కదా అనుకున్నాం. కానీ ఇరవై ఏళ్ళలో వాడిని చూసిన వైద్యుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. జవాబు విన్నాక ఆమె రాసిన రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది.

మాకు ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మన రక్తంలోని ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని నాళాల్లోంచి కూడా జారిపోతాయి. ఈ జబ్బులో అవి కొడవలిలా వంగి, గట్టిపడి, నాళాలకు అడ్డం పడతాయి. రక్తం అందని చోట నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఈ కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. అందుకే రక్తహీనత, అందుకే కళ్ళు పచ్చబడటం. చలి, నీళ్ళు తాగకపోవడం, జ్వరం, అలసట, ఇవన్నీ నొప్పిని రప్పించేవే. ఏసీ గదిలో నైట్ షిఫ్ట్ అంటే ఇవి చాలావరకు ఒకేచోట ఉన్నట్టే.

‘ఇది మన తెగకు పట్టిన శాపమా మేడం’ అని తమ్ముడు అడిగాడు. కాదని ఆమె చెప్పిన కారణం మేం ఎక్కడికి పోయినా చెబుతున్నాం. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఈ గుణం వచ్చినవాళ్ళను క్యారియర్లు అంటారు. వాళ్ళకు మామూలుగా జబ్బు ఉండదు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి వాళ్ళకు కొంత రక్షణ ఉంటుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ గుణం తరతరాలుగా నిలిచింది. ఆఫ్రికాలో ఉంది, అరబ్ దేశాల్లో ఉంది, మధ్యధరా తీరంలో ఉంది. మన దేశంలో 1952లో మొదట నీలగిరి కొండల్లోని తెగల్లో గుర్తించారు. ఆదివాసీలు కానివాళ్ళలోనూ ఉంది. అడవిలో మన తాతముత్తాతలను కొంత కాపాడిన గుణమే, ఇద్దరి నుంచీ వచ్చినప్పుడు జబ్బుగా మారుతుంది.

ఆ వారమే మేం మిగతా నలుగురమూ పరీక్ష చేయించుకున్నాం. మొదటి పరీక్షకు వేలి నుంచి తీసిన చుక్క రక్తం చాలు. అనుమానం వస్తే ఇంకో పరీక్షతో ఖాయం చేస్తారు. మాలో ఇద్దరం క్యారియర్లమని తేలింది. ఆ ఇద్దరిలో ఒక అన్నకు అప్పటికే మేనమామ కూతురితో పెళ్ళి ఖాయమై ఉంది.

మన దగ్గర పెళ్ళి మాట ఎత్తితే ముందుగా సగ అడుగుతారు. నాలుగు దేవతలా, అయిదా, ఆరా, ఏడా అని. ఒకే సగవాళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. దగ్గరి రక్తం కలవకూడదనే ఆలోచన మన పెద్దలకు ఎప్పుడో ఉంది. కానీ సగ తండ్రి వైపు నుంచి వస్తుంది. సికిల్ గుణం తల్లి వైపు నుంచీ వస్తుంది. మేనమామ కూతురి సగ వేరే అయినా, అన్నకు తల్లి ద్వారా వచ్చిన గుణమే ఆమెకు తండ్రి ద్వారా వచ్చి ఉండవచ్చు. సగ చూసి ఇది తెలుసుకోలేం.

అన్న మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. సంబంధం చెడితే తనకంటే ఆ పిల్లకే మాట వస్తుందని భయపడ్డాడు. మాలో మాకే గొడవైంది. చెప్పాలని కొందరం, ఊరుకోమని కొందరం. చివరికి తమ్ముడే అన్నాడు, ‘నా నొప్పి చూసి కూడా ఊరుకుంటారా?’ అని. ఆ ఆదివారం అన్న ఫోన్ చేసి అందరికన్నా ముందు ఆమెకే చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడే పీహెచ్‌సీకి పోయి పరీక్ష చేయించుకుంది. ఆమె కూడా క్యారియరే.

ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోకూడదు. ఒక్కరే క్యారియర్ అయి, రెండోవారిలో ఈ గుణం లేకపోతే పిల్లలకు మామూలుగా సికిల్ జబ్బు రాదు.

పెళ్ళి మానుకోమని ఏ డాక్టరూ చెప్పలేదు. తెలిసి నిర్ణయించుకోమన్నారు. గర్భం వచ్చిన మూడో నెలలోనే బిడ్డకు పరీక్ష చేసే వీలుందని చెప్పారు. రెండిళ్ళ పెద్దలూ కూర్చున్నారు. ఒక పెద్దాయన గట్టిగా కాదన్నాడు. అప్పుడు ఆ అమ్మాయే లేచి, ‘మా ఇద్దరికీ తెలుసు, మీకూ తెలిసింది, ఊళ్ళో తెలియకుండా చేసుకున్నవాళ్ళు ఎందరో’ అంది. వచ్చే వేసవిలో వాళ్ళ పెళ్ళి. అది మంచి నిర్ణయమా కాదా అని మేం చెప్పలేం. చీకట్లో చేసిన నిర్ణయం మాత్రం కాదు.

తమ్ముడు ఇప్పుడు పగటి షిఫ్ట్‌కు మారాడు. హైడ్రాక్సీయూరియా మాత్ర, ఫోలిక్ యాసిడ్ మాత్ర డాక్టర్ చెప్పినట్టు వేసుకుంటున్నాడు. నీళ్ళ సీసా, స్వెటర్ లేకుండా గడప దాటడు. గదిలో మేం వారానికి నాలుగు రోజులు జొన్న రొట్టె చేసుకుంటున్నాం. రాత్రి పన్నెండు తర్వాత లైటు వేయకూడదని మేమే పెట్టుకున్న నియమం. నొప్పులు పూర్తిగా పోలేదు, కానీ తగ్గాయి. జ్వరం వచ్చినా, ఛాతీ నొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పోవాలని మా అందరికీ తెలుసు. రక్తం తక్కువగా ఉందని సొంతంగా ఐరన్ మాత్రలు మింగకూడదని కూడా ఇప్పుడే తెలిసింది. సికిల్ రక్తహీనతకు ఐరన్ లోటే కారణం కానక్కర్లేదు.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో మొదలైంది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లో 1998 నుంచి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ కూడా ఉంది. అర్హులైన విద్యార్థులు ధ్రువపత్రం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఇవన్నీ తమ్ముడికి జబ్బు బయటపడ్డాకే మాకు తెలిశాయి. మీకు అంతకన్నా ముందే తెలియాలి.

సంఘాన్ని మూడు కోరుతున్నాం. మొదటిది, మన వాళ్ళు కలిసే ప్రతి సందర్భంలో, దండారికైనా, నాగోబా జాతరకైనా, ఇలాంటి సభకైనా, ఆరోగ్య శాఖతో మాట్లాడి ఒక పరీక్ష శిబిరం పెట్టించండి. రెండోది, ఆ ఫలితం పరీక్ష చేయించుకున్న మనిషి చేతికే ఇవ్వండి. మైకులో చదవొద్దు, వాట్సాప్‌లో పెట్టొద్దు. ఆడపిల్లకు క్యారియర్ అని తేలితే అది ఆమె తప్పన్నట్టు మాట్లాడేవాళ్ళను పెద్దలే ఆపాలి. మూడోది, నగరంలో ఉన్న మన పిల్లల్లో రక్తదానం చేయగలవాళ్ళ జాబితా ఒకటి తయారు చేద్దాం. మా అయిదుగురిలో ఇవ్వగలిగినవాళ్ళం ఇప్పుడే పేర్లు ఇస్తున్నాం.

తోటి విద్యార్థులకు ఒక్క మాట. మీ గదిలో ఎవరైనా తరచూ ఒళ్ళు నొప్పులంటే, కళ్ళు పచ్చబడితే, బద్ధకమనీ తాగుడనీ అనుకోకండి. మేం అలా అనుకొని ఒక ఏడాది పోగొట్టాం. వాడి ఏడాది అది.

జల్, జంగల్, జమీన్ కోసం కుమ్రం భీం తాత ప్రాణమిచ్చాడు. ఆయన పేరు చెప్పుకొనే మనం మన ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి ఒక చుక్క రక్తం ఇవ్వలేమా? రేపు మీ ఇంట్లో పెళ్ళి మాట వచ్చినప్పుడు సగ తప్పకుండా అడగండి. ఆ వెంటనే, ‘పరీక్ష చేయించారా? మేం చేయించాం’ అనండి. ముందు మీ సంగతి చెప్పి ఆ తర్వాత అడిగితే ఎవరికీ కోపం రాదు.