ఉల్లంకి పిట్టల ప్రయాణం
(సంఘ వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



"కరువు భత్యం బకాయిల గురించి అందరూ మాట్లాడతారు, మీరు పిట్టల గురించి చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. అందుకే ఈ సాహసం.

రిటైరయ్యాక డాక్టరుగారు నడవమన్నారు. కాకినాడ తీరాన ఆటు వేళకు నడవడం అలవాటయింది. నీరు తగ్గగానే బురద నేలమీద ఉల్లంకి పిట్టలు గుంపులుగా వాలతాయి. చలికాలమంతా బూడిద రంగులో ఉండే వంకరముక్కు ఉల్లంకికి ఏప్రిల్ వచ్చేసరికి పొట్ట ఇటుక రంగు తిరుగుతుంది. ప్రయాణం దగ్గర పడిందన్నమాట.

2018 ఏప్రిల్‌లో మనవణ్ణి తీసుకెళ్లాను. "తాతయ్యా, ఎగిరితే చూడాలి" అన్నాడు. చప్పట్లు కొట్టాను. గుంపంతా లేచింది. వాడు కేరింతలు కొట్టాడు. వాలినప్పుడల్లా మళ్లీ లేపాను. అలా నాలుగుసార్లు.

తర్వాత పుస్తకాలు చదివితే సిగ్గేసింది. ఆ పిట్ట బరువు సుమారు 60 గ్రాములు. గూడు పెట్టేది సైబీరియా ఉత్తర కొసన. అంత దూరానికి కావలసిన కొవ్వును ఈ బురదలోని పురుగులు, చిన్న నత్తలు తిని ఒంట్లో దాచుకోవాలి. మనం లేపిన ప్రతిసారీ ఆ నిల్వ కొంత ఖర్చయిపోతుంది. ప్రయాణానికి కట్టుకున్న చద్దిమూట నేను లాక్కున్నట్లే కదా!

అక్కడ మంచు కరిగాక కొద్ది వారాలపాటే దోమలు, ఈగలు విపరీతంగా పుడతాయి. పిల్లలు వాటిని తినే పెరగాలి. మనకు శత్రువైన దోమే అక్కడ పసికూనకు ఉగ్గు! ముందు వెళితే మంచు, ఆలస్యమైతే పస్తు. సైబీరియాలోని తైమీర్‌లో మంచు ముందే కరుగుతోందని, రెడ్ నాట్ అనే పిట్ట పిల్లలు పురుగులు పుష్కలంగా ఉండే అదను తప్పి చిన్న ఒళ్లతో, పొట్టి ముక్కులతో పెరుగుతున్నాయని 2016లో ఒక పరిశోధన వెల్లడించింది.

అక్కడి ఎండను మనం ఆపలేం. ఇక్కడి బురదను కాపాడుకోగలం. 1978లో అభయారణ్యమైన మన కోరింగ 235 చదరపు కిలోమీటర్లు. మడ చెట్ల ఆకు రాలి కుళ్లితే పురుగుకు, పీతకు తిండి. వాటిని తిని పిట్ట బతుకుతుంది.

కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో మనవలతో తీరానికి వెళ్లండి. దూరంగా నిలబడి చూడండి. తరిమే కుక్కలుంటే అదిలించండి. తెచ్చిన ప్లాస్టిక్ సంచులు తిరిగి తీసుకెళ్లండి.

మొన్న మా మనవడు తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చి, "చప్పట్లు కొట్టకు, అవి భోంచేస్తున్నాయి" అన్నాడు. నా తప్పు వాడు దిద్దాడు.

చప్పట్లు కొట్టాలనిపిస్తే ఈ సభలోనే కొట్టేయండి. అక్కడ మాత్రం వద్దు. సెలవు.