నిలిచిపోయిన స్కూటరును కదిలించడం ఎలా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకునే వేదిక మీద స్కూటరు గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని మనలో చాలామందికి బ్యాంకుకు వెళ్లాలన్నా, ట్రెజరీకి వెళ్లాలన్నా, ఇంటావిడను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఆ పాత బండే దిక్కు. అది కదలకపోతే ఆటోకు డబ్బులు పెట్టాలి, లేదా పిల్లల తీరిక కోసం ఎదురు చూడాలి. మూడు నెలలు వాడకపోతే స్టార్టు కాలేదన్న ఒక్క కారణంతో మంచి బండ్లను పాత ఇనుము వాడికి తూకానికి వేసినవారు మన సభ్యులలోనే ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన ప్రాంతానికి స్కూటరు కొత్త కాదు. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల షిఫ్టు వదిలే వేళకు హైవే నిండా స్కూటర్లే కనిపించేవి. 1972లో లక్నోలో ఏర్పడిన స్కూటర్స్ ఇండియా సంస్థ ఇటలీ ఇన్నొసెంటి వారి లాంబ్రెట్టా యంత్రాలను కొని తెచ్చి ‘విజయ్ సూపర్’ తయారు చేసింది. అదే పరిజ్ఞానంతో మన ఉమ్మడి రాష్ట్రంలో ‘పుష్పక్’ స్కూటరు వచ్చింది. బజాజ్ చేతక్ కోసమైతే ఏళ్ల తరబడి బుకింగు కాగితం దాచుకుని ఎదురు చూశాము. బజాజ్ వారు స్కూటర్ల తయారీ మానుకుంటామని 2009 డిసెంబరులో ప్రకటించారు. 2020లో మళ్లీ వచ్చిన చేతక్ కరెంటుతో నడిచేది. దానికి కార్బురేటరు లేదు, పెట్రోలు లేదు. కాబట్టి నేను చెప్పేదంతా మన ఇళ్లలో మిగిలి ఉన్న పాత కార్బురేటరు బండ్ల గురించే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై బండ్లన్నీ వారాల తరబడి కదలలేదు. ఆంక్షలు సడలించాక మెకానిక్కుల షెడ్ల ముందు వరుసలు కట్టాయి. నిన్నటిదాకా నడిచిన ఇంజను ఊరికే నిలబడితే ఎలా పాడవుతుంది? ఇంజను పాడు కాదు, పెట్రోలు పాడవుతుంది. అసలు సంగతి ఇదే.

పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం, బరువైన భాగం రెండూ ఉంటాయి. చల్లని ఇంజనులో ముందుగా అంటుకునేది తేలిక భాగమే. బండి నిలబడి ఉంటే ముందుగా ఎగిరిపోయేదీ అదే. మిగిలినది గాలి తగిలి క్రమంగా పసుపురంగు జిగురుగా మారుతుంది. టూ స్ట్రోక్ స్కూటరులో పెట్రోలుతో పాటు కలిపిన ఆయిలు కూడా కార్బురేటరు గిన్నె అడుగున మిగిలిపోతుంది. స్టార్టు చేయడానికి పెట్రోలు వచ్చేది పైలట్ జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క గుండా. దాని రంధ్రం సూది మొన కంటే సన్నం. అది మూసుకుపోవడానికి చిటికెడు జిగురు చాలు.

మన ఆఫీసు భాషలో చెబుతాను. ఫైలు కదలడం లేదంటే ఆఫీసునంతా తిట్టము. ఇన్వర్డులో ఉందా, సెక్షన్‌లో ఉందా, ఆఫీసరు బల్ల మీద ఉందా అని వరుసగా చూస్తాము. బండికీ అంతే. మంట పుట్టడానికి పెట్రోలు, నిప్పురవ్వ, గాలి మూడూ కావాలి. ఏ బల్ల దగ్గర ఆగిందో తెలియకుండా ఇంజను విప్పకూడదు.

మొదట చేయవలసిన పని కిక్కు నెమ్మదిగా తొక్కి చూడడం. కాలికి గట్టిగా ఎదురు తగిలితే పిస్టన్, బోరు చాలావరకు బాగున్నట్లే. ఎదురు లేకుండా జారిపోతే మాత్రం ఇంజను సంగతి మెకానిక్కు చూడవలసిందే.

రెండవది, పెట్రోలు ట్యాపు తెరిచి, చోక్ లాగి అయిదారు కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పి చూడండి. ప్లగ్గు మొన పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నది, నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువై ముంచేసింది. ఈ ఒక్క పరీక్షతో సగం సమస్య తేలిపోతుంది.

తడిగా ఉంటే ట్యాపు కట్టేసి, చోక్ మూసి, ప్లగ్గు తీసి ఉంచి పది కిక్కులు కొడితే లోపలి పెట్రోలు బయటికి పోతుంది. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి, మొన మీది మసిని ఇత్తడి బ్రష్షుతో గీకి, గ్యాపు సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉండేటట్లు చూసుకోవాలి. పాత స్కూటర్లకు కాంటాక్ట్ పాయింట్లు ఉంటాయి, తేమకు వాటి మీద తుప్పు పొర పడుతుంది. సన్నని గరుకు కాగితంతో ఒకసారి రుద్దితే నిప్పురవ్వ తిరిగి వస్తుంది. తరువాతి మోడళ్లలో ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చింది కనుక వాటికి ఈ పని ఉండదు.

పొడిగా ఉంటే ట్యాపు నుంచి కార్బురేటరు దాకా వెతకాలి. పైపు ఊడదీసి ట్యాపు తిప్పితే సీసాలోకి పెట్రోలు ధారగా రావాలి. వస్తే తప్పు కార్బురేటరులోనే ఉంది.

మా కాలనీలో ఒక మిత్రుడి చేతక్ విషయంలో జరిగినది ఇదే. భార్యకు ఆపరేషన్ కావడంతో ఆయన మూడు నెలలు కొడుకు ఇంట్లో ఉండి వచ్చారు. బండి స్టార్టు కాలేదు. చూసిన మెకానిక్కు బోరు చేయించి పిస్టన్ మార్చాలని, ఆరేడు వేలు అవుతుందని చెప్పాడు. అంత ఖర్చు ఎందుకని ఆయన బండిని అమ్మేయడానికి సిద్ధమయ్యారు. ఆమెను కట్టు మార్పించడానికి రోజు విడిచి రోజు తీసుకెళ్లవలసిన సమయం అది. మేమిద్దరం కూర్చుని చూశాము. కిక్కుకు ఎదురు బాగానే తగులుతున్నది, ప్లగ్గు పొడిగా ఉన్నది, ట్యాపు నుంచి ధార వస్తున్నది. కార్బురేటరు విప్పితే గిన్నె అడుగున బెల్లం పాకం వంటి పదార్థం కనిపించింది. పైలట్ జెట్‌ను వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తే చుక్కంత వెలుతురు కూడా రాలేదు. కార్బురేటరు క్లీనరులో గంటసేపు నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి బిగించాము. పాత పెట్రోలు తీసేసి కొత్తది, ఆయిలు కొలత ప్రకారం కలిపి పోశాము. నాలుగో కిక్కుకు అందుకుంది. అయిన ఖర్చు క్లీనరు డబ్బా, ఒక లీటరు పెట్రోలు, ఒక గాస్కెట్టు. ఆ మరునాడే దంపతులిద్దరూ ఆ బండి మీదనే ఆసుపత్రికి వెళ్లారు.

జెట్‌ను ఎప్పుడూ తీగతోగాని, పిన్నుతోగాని పొడవకండి. రంధ్రం పెద్దదైతే బండి ఆ తరువాత ఎప్పటికీ పెట్రోలు తాగుతూనే ఉంటుంది. బండిని పక్కకు వంచి కిక్కు కొట్టడం మనందరికీ అలవాటే. అలా వంచితే పెట్రోలు కాస్త ఎక్కువ చేరి చోక్ లాగినట్లు పనిచేస్తుంది, అంతే. దానితో జిగురు కరగదు.

ఈ మధ్య ఇంకొక మార్పు వచ్చింది. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా సగం ట్యాంకుతో బండి నిలబడితే తేమ మరీ ఎక్కువై, నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు చేరవచ్చు. ట్యాపు తీసుకునేది అడుగు నుంచే గదా! మన పాత బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు ఈ ఇంధనం కోసం చేసినవి కావు. ఏడాదికొకసారి పైపును వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చేయండి, కారే పెట్రోలు ప్రాణం మీదికి తెస్తుంది.

నివారణ చాలా సులభం. ఊరు వెళ్లే ముందు ఇంజను నడుస్తుండగానే పెట్రోలు ట్యాపు కట్టేయండి. కార్బురేటరులో ఉన్నదంతా కాలిపోయి ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. గిన్నె ఖాళీ అయితే జిగురు పట్టడానికి పెట్రోలే ఉండదు. ఇంట్లోనే ఉంటే వారానికొకసారి రెండు మూడు కిలోమీటర్లు తిప్పండి. ఎక్కువ రోజులు నిలిపిన బండికి ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు గొట్టం చూసుకోండి. కందిరీగలు అక్కడ మట్టి గూళ్లు కడతాయి.

జాగ్రత్తలు మూడు చెప్పి ముగిస్తాను. ఈ పని వంటింటి దగ్గర, దీపం దగ్గర, బీడీ కాలుస్తూ చేయకండి. నిప్పురవ్వ పరీక్షించేటప్పుడు ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించండి. రెండవది, తలుపులు మూసిన గదిలో ఇంజను నడపకండి. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. మూడవది అన్నిటికంటే ముఖ్యం. మన వయసులో వరుసగా యాభై కిక్కులు కొట్టడం గుండెకూ మోకాలికీ మంచిది కాదు. పది కిక్కులకు అందుకోకపోతే ఆగి, ప్లగ్గు విప్పి చూడండి. కిక్కు పనిని ఇంట్లో పడుచువాళ్లకు అప్పగించండి.

పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను రెన్యువల్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. బండి కదిలినా కాగితం లేకపోతే రోడ్డు మీద ఆగవలసి వస్తుంది.

ఈసారి ఎవరైనా మీ ఇంజను విప్పాలంటే, “ముందు ప్లగ్గు తడిగా ఉందో పొడిగా ఉందో చూపించు నాయనా” అని అడగండి.