గోపన్న చెర, తానీషా చెర
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఉపన్యాస పాఠము)



నూజివీడు, విస్సన్నపేట ప్రాంతముల మామిడి రైతునకు దైవాధీనమను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. మాఘమాసమున చెట్టు నిండ పూత పూయును. ఆ పూతను జూచియే తోట గుత్తకు పోవును. ఆ పూతను జూచియే ఇంట పెండ్లి మాటలు సాగును. వైశాఖమున ఒక్క రాత్రి వీచిన గాలివానకు కాయ యంతయు నేలరాలును. తెల్లవారి తోటలో అడుగుపెట్టినవాని నోట మొదట వెడలునది స్తోత్రము కాదు, "ఏమి స్వామీ, ఇట్లు చేసితివి?" అను ప్రశ్న. ఈ ప్రశ్న విశ్వాసమా, అవిశ్వాసమా? పదునేడవ శతాబ్దమున గోలకొండలో జీవించిన ఇరువురి చరిత్రలు దీనికి సమాధానము చెప్పును. ఒకరు ఖైదీ, వేరొకరు ఆయనను ఖైదు చేసిన ప్రభువు.

కంచెర్ల గోపన్న నేలకొండపల్లి వాస్తవ్యుడు. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా కొలువున ప్రముఖులైన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రసిద్ధి. పాల్వంచ పరగణాకు తహసీలుదారైన గోపన్న, విస్సన్నపేటకు ఉత్తరమున గోదావరి యొడ్డున గల భద్రాచలమునందు రామునకు కోవెల కట్టించెను, నగలు చేయించెను. ఆ ధనము సర్కారు పన్నులలోనిది. అనుమతి లేక వ్యయపరచెనను నేరముపై ఆయనను గోలకొండ కోటలో బంధించిరి. ఆ చెర పండ్రెండేండ్లు సాగెనని జనశ్రుతి. రామదాసు బందీఖానా యని ఒక చీకటి గదిని నేటికిని ఆ కోటలో చూపుదురు.

ఒక సంగతి మరువరాదు. లెక్కల దృష్టితో చూచినచో గోపన్న నిర్దోషి కాడు. రైతులు కట్టిన పన్నునకు జవాబు చెప్పవలసిన ఉద్యోగి ఆయన. భక్తి యుండినంత మాత్రమున ఆ జవాబుదారీ తీరిపోదు. అయినను, మంచి పని చేసితినని నమ్మిన మనుజునకు ఆ పనియే సంకెలయైనప్పుడు కలుగు వేదన ఎంతటిదో ఊహింపవచ్చును.

ఆ వేదనయే కీర్తనలైనది. వానిలో రాముని వేడుకొనుట యున్నది, నిలదీయుటయు నున్నది. ఎవరెవరికి ఏయే నగ చేయించెనో, దానికెంత సొమ్ము పట్టెనో గోపన్న రామునకే లెక్క చెప్పును. కోపము మీరి తూలనాడును. పిమ్మట, దెబ్బల బాధకు తాళలేక అంటినని మన్నింపు కోరును. రాముడు వినడని తోచినప్పుడు సీతమ్మకు మొర పెట్టుకొనును. పరాయివానితో ఎవరును ఇట్లు మాటలాడరు. బిడ్డ తల్లి కొంగు పట్టుకొనియే తల్లిపై అలుగును. కొంగు విడిచిన నాడు అలుకయు లేదు, పిలుపును లేదు. గోపన్న అలిగెను గాని కొంగు విడువలేదు.

రామలక్ష్మణులు బంట్ల వేషమున వచ్చి, ఆరు లక్షల మొహరీలు తానీషాకు చెల్లించి, భక్తుని విడిపించిరని కథ. తెలుగువారికి ఇది ప్రాణప్రదమైన కథ. కాని ఇంతటితో ఆగినచో, నమ్మినవానికి పోయినదంతయు తిరిగి వచ్చుననియే వినువారు తలంతురు. రాలిన కాయ మరల కొమ్మకెక్కదని ఎరిగినవానికి ఆ మాట ఊరట కానేరదు. కావుననే రెండవ చరిత్రయు వినవలెను.

తెలుగువారు తానీషా యని పిలిచిన అబుల్ హసన్ రాజబంధువయ్యును, సింహాసనమెక్కుటకు ముందు చాల ఏండ్లు హైదరాబాదున సయ్యద్ షా రాజు అను సూఫీ గురువు చెంత ఫకీరువలె గడపెను. అనుకొనని రీతిగా అబ్దుల్లా కుతుబ్ షాకు అల్లుడై, 1672లో ఆయన మరణింపగా సుల్తానయ్యెను. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు కోటను ముట్టడించెను. తుదకు లోపలివారి ద్రోహముచే తలుపు తెరువబడెను. తన్ను పట్టుకొన వచ్చిన సర్దారులను తానీషా మర్యాదతో కూర్చుండబెట్టి, వేళయైనదని భోజనము తెప్పించుకొనెనట. ఇట్టి సమయమున అన్నమెట్లు సహించునని వారడుగగా, తనకు బీదతనమును, కోరకయే రాజ్యమును ఇచ్చినవాడు భగవంతుడేయనియు, ఆయన దయ తన సేవకులను ఎన్నడును విడువదనియు బదులు చెప్పెనని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసెను.

తరువాత ఆయనను దౌలతాబాదు కోటలో ఉంచిరి. పదేండ్లకు పైగా చెరలోనే గడపి, అచ్చటనే కన్నుమూసెను. ఆయనకై మొహరీలు తెచ్చిన బంట్లు లేరు.

ఒకరు విలపించిరి, వేరొకరు శాంతముగా నుండిరి. ఒకరికి విడుదల కలిగెను, వేరొకరికి కలుగలేదు. భక్తి ఎక్కువ తక్కువలచే ఈ భేదము కలిగెనని నిర్ణయించుటకు మనుజుడెవ్వడు? పంట పోయిన ఇంటికి, ఆప్తులను కోల్పోయిన ఇంటికి పోయి, "నీ నమ్మకము చాలలేదు" అనువాడు క్రూరుడు. కోరినది దొరకుననుట ఆశ. దొరకకున్నను ఆ చేయి విడువకుండుట విశ్వాసము. ఆ విశ్వాసము కన్నీటిని నిషేధింపదు, ప్రశ్నను నిషేధింపదు, మరునాటి పనిని మాననీయదు.

తానీషా నాటినుండి వచ్చిన ఆచారమని, శ్రీరామనవమి కల్యాణమునకు భద్రాచలమునకు ప్రభుత్వము నేటికిని ముత్యాల తలంబ్రాలు పంపుచున్నది. చెరపెట్టినవాని పేరును, చెరపడినవాని పేరును ఒక్క పందిరి క్రింద వినబడును. గ్రంథాలయమునకు వచ్చు చదువరులు రామదాసు కీర్తనలను భజనలలో వినుటయే గాక పుస్తకమున గూడ చదువుదురు గాక! వేడిన కీర్తన ప్రక్కనే అలిగిన కీర్తనయు కనబడును. రెంటిని కలిపి చదివినవారికి, కష్టము వచ్చిన నాడు దైవముతో ఏమని మాటలాడవలెనో తెలియును.