ఉప్పుగాలిలో తోలు జాకెట్

వైమానిక దళంలో పనిచేసినవారి తోలు జాకెట్ బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో బీరువాలో ఉంటే, దానికి వయసుకన్నా మన గాలితోనే ఎక్కువ ప్రమాదం.

అమెరికా సైన్యం వైమానికులు వేసుకునే ఏ-2 తోలు జాకెట్‌ను 1931లో ఆమోదించింది. అప్పట్లో గుర్రపుతోలుతో కుట్టినవి ఇప్పటికీ కొన్ని నిలిచి ఉన్నాయి. మన దగ్గర తంగేడు చెక్కతో పదును చేసిన తోలూ అలాగే మన్నేది. అయితే గాలిలో తేమ 65, 70 శాతం దాటి నిలిస్తే ఎంత మంచి తోలుకైనా బూజు పడుతుంది. దివిసీమలో వానాకాలమంతా ఆ తేమ మామూలే. పైగా ఉప్పుగాలికి జిప్పులు తుప్పుపడతాయి.

ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది. వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి పాత నూలు గుడ్డ కప్పండి. మడత పెడితే ఆ మడత దగ్గరే పగులుతుంది. బూజు కనిపిస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి. తడిస్తే నీడనే ఆరబెట్టండి, ఎండకు బిరుసెక్కుతుంది. కొబ్బరినూనె మాత్రం దయచేసి రాయకండి. తోలు నల్లబడి, జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది.

వానలు వెనకబట్టిన సంక్రాంతి రోజుల్లో, మంచు విడిచాక, బీరువా తలుపులు కాసేపు తెరిచి ఉంచండి. జేబుల లోపలి గుడ్డ కూడా తిరగేసి చూడండి.