డిటెక్టివ్ నవలా, మన దఫ్తరు ఫైలూ

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఘనపూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నన్ను పిలిచి, "డీఏ బకాయిలు, పీఆర్సీ, హెల్త్ కార్డుల సంగతి నేనెలాగూ మాట్లాడతాను. మీరు వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. నాకు తెలిసిన విషయాలు రెండే. ఒకటి ఫైలు, రెండోది డిటెక్టివ్ నవల. ఫైళ్ల గురించి చెబితే మీరు లేచి వెళ్లిపోతారు కాబట్టి రెండోదానితో మొదలుపెడతాను. చివరికి రెండూ ఒకచోటే కలుస్తాయి.

నా చిన్నతనంలో డిటెక్టివ్ నవల అంటే దొంగచాటుగా చదివే పుస్తకం. మా నాయన చూస్తే చింపేసేవాడు. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని, దీపం వెలుగులో చదివేవాణ్ణి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు నాకు మేనమామ కొడుకుల కంటే బాగా తెలుసు. వాళ్లుండేది మద్రాసులో. నేనప్పటికి వరంగల్ దాటి ఎరుగను. అయినా మద్రాసు వీధులు నాకు యుగంధర్ కారులో తిరిగినట్టే ఉండేవి. ఆ తరువాత టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్... ఎవరిది దొరికితే వారిది. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర గారే డిటెక్టివ్ నవలలు కూడా రాశారని తెలిసిన రోజున నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ మాట మా నాయనకు చెప్పాను. "ఆయన అదీ రాసిండు, ఇదీ రాసిండు. నువ్వు ఇదొక్కటే సదువుతున్నవు" అన్నాడు. జవాబు లేకపోయింది.

ఉద్యోగం వచ్చాక మా గ్రంథాలయం రైలుబండి అయింది. ఘనపూర్ స్టేషన్ నుండి జనగామకు సీజన్ టికెట్ మీద ప్యాసింజర్లో తిరిగేవాళ్లం. ఎనిమిది మందిమి కలిసి అద్దె షాపులో ఒక్క నవల తెచ్చుకునేవాళ్లం. రోజు అద్దె పది పైసలు. చేతులు మారి మారి ఆ పుస్తకాలకు అట్ట ఉండేది కాదు, ఒక్కోసారి ఆఖరి పేజీలూ ఉండేవి కావు. ఒక నవలకు చివరి పది పేజీలు లేకపోతే వారం రోజులపాటు బండిలో పెద్ద పంచాయితీ జరిగింది. తోటమాలి అని ఒకరు, డాక్టరు అని ఒకరు, మేనల్లుడని నేను. ఆరు నెలల తరువాత కాజీపేటలో మంచి ప్రతి దొరికింది. హంతకుడు వకీలు. ఎనిమిది మందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు! వెనక్కి తిప్పి చూస్తే మూడో అధ్యాయంలోనే ఆధారం ఉంది. అందరం చదివాం, ఎవరమూ చూడలేదు.

ఈ నవలల్లో నాకు నచ్చిన రకం ఒకటుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'కోజీ మిస్టరీ' అంటారట. కోజీ అంటే చలిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నంత హాయి. హత్య జరుగుతుంది కానీ నెత్తురు పారదు. తుపాకుల మోత ఉండదు. పరిశోధించేది పోలీసులే కానక్కర్లేదు. ఒక చిన్న ఊరు, పదిమంది మనుషులు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఇంటిల్లిపాదీ చదవవచ్చు. మధుబాబు గారి షాడో మరో రకం. అది పరుగు, ఇది నడక. నా మోకాళ్లకు ఇప్పుడు నడకే నయం.

ఈ రకానికి పెద్దదిక్కు అగాథా క్రిస్టీ అనే ఇంగ్లండు రచయిత్రి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆమె ఆస్పత్రిలో మందులిచ్చే విభాగంలో పనిచేసింది. ఏ విషం ఎంత మోతాదులో ఏం చేస్తుందో అక్కడే తెలుసుకుంది. తొలి నవల 1920లో అచ్చయింది. 1930లో వచ్చిన నవలలో మిస్ మార్పుల్ అనే ముసలామెను నాయికగా నిలబెట్టింది. పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు. ఊలు అల్లుకుంటూ కూర్చుంటుంది. పోలీసులకు అంతుపట్టనిది ఆమెకు అంతుపడుతుంది. ఎలా? "ఈ మనిషిని చూస్తే మా ఊళ్లో ఫలానా వాడు గుర్తొస్తున్నాడు" అంటుంది. అంతే ఆమె విద్య. ఇది చదివినప్పుడు నాకు మా వాడకట్టు అరుగుల మీద కూర్చునే ముసలమ్మలు గుర్తొచ్చారు. ఎవరింట్లో ఏ పొద్దు పొయ్యి వెలగలేదో, ఎవరి బర్రె ఎవరి చేలో పడ్డదో, ఎవరికి ఎవరి మీద కోపమో వాళ్లకు తెలియనిది లేదు. మనం దాన్ని ముచ్చట్లు అని తీసిపారేశాం. ఆ ఇంగ్లండు ఆమె దాన్నే విద్య అన్నది.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఇటువంటి నవలలకు పది నియమాలు రాశారు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి. దయ్యాలూ భూతాలూ చిక్కుముడి విప్పరాదు. పరిశోధకుడే నేరం చేసి ఉండరాదు. దొరికిన ఆధారాన్ని వెంటనే పాఠకుడి ముందు పెట్టాలి. అంటే కాన్ఫిడెన్షియల్ ఫైలు ఉండదన్న మాట. కాగితాలన్నీ టేబులు మీదే ఉంటాయి. చూడగలిగితే చూడు, లేకపోతే ఆఖరి పేజీలో సిగ్గుపడు.

పుస్తకాలంటే ఇష్టమున్నవారికి ఈ నవల ఎందుకు నచ్చుతుందో నేను చాలాకాలం ఆలోచించాను. మనం ముప్పై ఐదేళ్లు నౌకరీ చేశాం. ఎన్ని ఫైళ్లు పూర్తిగా ఫైసలా అయ్యాయి? రిమార్కుల కోసం పైకి, వివరణ కోసం కిందికి తిరిగి, మనం రిటైరైన నాటికి కూడా పెండింగులోనే ఉన్నవి ఎన్ని? ఇంటి సంగతులూ అంతే. డిటెక్టివ్ నవల ఒక్కటే అచ్చంగా రెండు వందల పేజీల్లో ముగిసే ఫైలు. ఎవరు తప్పు చేశారో తేలుతుంది. తప్పు చేయనివాడి మీద పడ్డ మచ్చ తొలగుతుంది. అది చదివి దీపం ఆర్పితే నిద్ర పడుతుంది.

ఇంతవరకూ చెప్పి కూర్చుంటే చప్పట్లు కొడతారు. కానీ ఈ రోజు పెన్షనర్ల దినోత్సవం కనుక ఒక మాట దాచకుండా చెప్పాలి.

1980ల చివర్లో నేను మరో ఊళ్లో ఒక కార్యాలయంలో పనిచేస్తుండేవాణ్ణి. ఊరి పేరు, కార్యాలయం పేరు వద్దు. అక్కడ ఒక అటెండరు సర్వీసులో ఉండగానే చనిపోయాడు. ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షను రావాలి. సర్వీసు రిజిస్టరు కనపడటం లేదని కాగితం ఆగిపోయింది. ఆమె ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. ఆ సీటు నాది కాదు, పక్క టేబులుది. "నా సీటు కాదమ్మా" అని నేనూ చాలాసార్లు చెప్పాను.

ఒక మధ్యాహ్నం అన్నం తిని అదే చెట్టు కింద నవల చదువుకుంటున్నాను. "ఏం సదువుతున్నరు సారూ?" అని అడిగింది. దొంగను పట్టుకునే కథ అన్నాను. "దొరికిండా?" అంది. ఇంకా లేదు, చివర్ల దొరుకుతడు అన్నాను. "మా కాగితం గూడ గట్లనే దొరికితే మంచిగుండు" అని ఊరుకుంది. నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అన్నది.

ఆ రాత్రి నవల ముందుకు సాగలేదు. రెండో శనివారం సెలవు. తాళాలు అడిగి తీసుకుని రికార్డు రూములో కూర్చున్నాను. పాత ఇన్‌వర్డ్ రిజిస్టర్లు తిప్పాను. ఆ అటెండరు కొన్నాళ్లు వేరే కార్యాలయంలో పనిచేసి తిరిగొచ్చాడు. అతని సర్వీసు రిజిస్టరు తపాలాలో అందినట్టు తేదీతో సహా ఎంట్రీ ఉంది. అంటే అది పోలేదు, లోపలే ఉంది. ఆ వారం హాజరు పట్టీ చూస్తే, ఆ సీటు గుమాస్తా సెలవులో ఉన్నాడు. ఇన్‌చార్జి గుమాస్తా దాన్ని తన సీటు దస్తరంలో కట్టేశాడు. అతనిది బిల్లుల సీటు. పాత బిల్లుల దస్తరం విప్పితే ఉంది. మొత్తం మూడు గంటల పని.

సోమవారం ఆమెకు చూపించాను. రిజిస్టరు మీద తన భర్త ఫోటో తడిమి, "గింత దగ్గర్నే ఉన్నదా సారూ?" అన్నది.

మిత్రులారా, అప్పటికి పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ పద్నాలుగు నెలల్లో నేను నలభై నవలలైనా చదివి ఉంటాను. కాగితం మీది హంతకుణ్ణి వెతకడానికి పెట్టిన శ్రద్ధలో వీసమెత్తు పక్క టేబులు మీద పెట్టలేదు. బకాయిలతో సహా పెన్షను వచ్చింది, ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండం నేను తీసుకోదగ్గది కాదు. 1982లో ఇదే డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని చెప్పింది. ఆ తీర్పును మనం ఏటా స్మరించుకుంటున్నాం. ఆమె హక్కు మాత్రం పద్నాలుగు నెలలు బిల్లుల దస్తరంలో పడి ఉంది.

అందుకే నవల చదవడం మానేయండి అనను. ఇంకా చదవండి. ఆమె తరువాత నేను కూడా మానలేదు. కాకపోతే "నా సీటు కాదు" అనే మాట మానేశాను. 2020లో కరోనా రోజుల్లో ఇంట్లో కదలకుండా ఉన్నప్పుడు పాతవన్నీ మళ్లీ చదివాను. ఆ సంవత్సరమే ఇంగ్లండులో రిచర్డ్ ఆస్మన్ అనే ఆయన రాసిన నవల వచ్చింది. మా మనవడు పంపితే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అందులో నలుగురు వృద్ధులు, మనలాంటి రిటైరైన వాళ్లు, గురువారం గురువారం కూడి ఫైసలా కాని పాత కేసులు విప్పుతుంటారు. మనమూ నెలకోసారి కూడుతున్నాం. టీ, బిస్కట్లు, డీఏ లెక్కలతో సరిపెడుతున్నాం.

చివరగా రెండు మనవులు. మొదటిది, మీ అటకల మీదున్న పాత నవలలు మన సంఘం గదికి తెచ్చి ఇవ్వండి. ఒక బీరువా పెడదాం. ఆఖరి పేజీలు ఉన్నాయో లేదో మాత్రం చూసి ఇవ్వండి! రెండోది ముఖ్యం. ఈ రాత్రే మీ పీపీఓ, బ్యాంకు పాస్‌బుక్కు, జాయింటు ఫోటో, నామినేషన్ కాగితాలు ఒక సంచిలో పెట్టి, ఎక్కడ ఉన్నాయో ఇంట్లోవాళ్లకు చూపించండి. పేర్లలో, పుట్టిన తేదీల్లో తేడాలుంటే బతికుండగానే సరిచేయించుకోండి. ఎవరైనా సభ్యుడు కాలం చేస్తే, ఆ ఇంటికి మనలో ఇద్దరం వెళ్లి కాగితాలు చూసి పెడదాం. నా పేరు మొదట రాసుకోండి.

డిటెక్టివ్ నవల చదవడానికి బాగుంటుంది. మన వెనక మన ఇల్లాలికి వదిలిపెట్టి పోవడానికి బాగుండదు.