వెనక బెంచీకి కనిపిస్తోందా?



మన సైన్సు మాస్టారు బోర్డు మీద రంగు సుద్దతో బొమ్మ మొదలుపెట్టి, ఆగి, అడిగేవారు: "వెనక బెంచీ వాళ్లకు కనిపిస్తోందా?" నీలం గీత మాకు ఆనేది కాదు. లేదండీ అంటే తెల్లసుద్ద తీసుకునేవారు. ఆ ప్రశ్న విలువ నాకు ఉద్యోగంలో తెలిసింది.

1994లో ఒక కర్మాగారానికి యంత్రాల పరిస్థితి చూపే ప్రోగ్రాం రాశాను, ఎక్స్ విండో సిస్టమ్ మీద. 1984లో ఎంఐటీలో పుట్టిన వ్యవస్థ అది. ప్రోగ్రాం ఒక కంప్యూటర్లో నడుస్తుంటే, బొమ్మ ఇంకో గదిలోని తెర మీద కనిపించవచ్చు. ఆ తెర ఎలాంటిదో రాసేవాడికి ముందే తెలియదు. అడిగి తెలుసుకోవాలి.

అడగాల్సినవి రెండు. చుక్కకు ఎన్ని బిట్లు? ఆ తెర ఏ రకం? ఒక్క బిట్ అయితే మామూలుగా నలుపు తెలుపే. ఎనిమిదైతే 256 విలువలు. అవి రంగులైనా కావచ్చు, బూడిద ఛాయలైనా కావచ్చు. అందుకే ఎక్స్‌లో తెరలను ఆరు రకాలుగా విడదీశారు: బూడిదవి రెండు, రంగులవి నాలుగు. నేను బిట్లు అడిగాను. ఎనిమిది అని జవాబు రాగానే రంగుల తెరే అనుకున్నాను. రకం అడగలేదు.

యంత్రం బాగుంటే ముదురు ఆకుపచ్చ గడి, ప్రమాదమైతే ఎర్ర గడి. పంపు గదిలో ఉన్నది బూడిద తెర. అలాంటి తెర మీద ఎరుపులో నూటికి 30 పాళ్లు, ఆకుపచ్చలో 59, నీలంలో 11 తీసుకుని కలుపుతారు. నా ఎరుపు 255, అంటే బూడిదలో సుమారు 76. నా ఆకుపచ్చ 128, అంటే సుమారు 75. కంటికి రెండూ ఒకటే!

ఒక రాత్రి పంపు వేడెక్కింది. గడి ఎర్రబడింది. ఆపరేటరుకు మాత్రం ఏ మార్పూ కనిపించలేదు. మోటారు కాలిపోయింది. మర్నాడు సంజాయిషీ అడిగింది ఆయన్ని. తప్పు నాదని కాగితం రాసిచ్చాకే ఆయన మీద మాట పోయింది.

తర్వాత తెర రకం అడిగే నాలుగు వరుసలు చేర్చాను. గడిలో "ప్రమాదం" అన్న మాట కూడా పెట్టాను.

పిల్లలూ, ఇప్పుడు చాలావరకు రంగుల తెరలే. అయినా ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని కళ్లు మన మధ్యే ఉన్నాయి. మీరు ఏం తయారు చేసినా, మాస్టారి ప్రశ్న ఒకసారి అడగండి.