పాత బస్సును నిలుపుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పుస్తకముల పండుగలో బస్సుల ప్రసంగమేమిటని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. కార్యదర్శిగారు నన్ను మాటాడుమని కోరినప్పుడు నేనును అదే అడిగినాను. ఆలోచింపగా ఈ రెండింటికిని చుట్టరికము లేకపోలేదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువమీద పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు పడవలో గ్రంథాలయము నడిపిన సంగతి గ్రంథాలయోద్యమ చరిత్ర చదివినవారు ఎరుగుదురు. కాలువలు లేని మన అడవి సీమలో ఆ పడవ పని బస్సు చేసినది. దినపత్రికల కట్ట దానిలోనే దిగెడిది. పట్నమున చదువుకొను పిల్లవాడు సెలవులకు తెచ్చిన పుస్తకముల పెట్టె దాని టాపుమీదనే వచ్చెడిది. పడవను గురించి చరిత్రకారులు వ్రాసినారు. బస్సును గురించి ఎవరును వ్రాయలేదు. సరిగదా, దానిని విప్పి తుక్కుక్రింద అమ్మినాము. నాతో కలిపియే చెప్పుచున్నాను.

హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదము చూచినవారికి అక్కడి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు జ్ఞాపకముండును. అది 1912 నాటి తయారీ. నిజాము ప్రభువులకు ఉత్సవ వాహనము. అది తన జీవితకాలమున నడచినది కొన్ని వందల మైళ్ళు మాత్రమే. దానిని నిపుణులచేత బాగుచేయించి అద్దమువలె నిలిపినారు. నిలుపవలసినదే, నాకేమియు అసూయ లేదు. కాని దాని తరువాత ఇరువది యేండ్లకు, 1932లో, అదే నిజాము ప్రభుత్వ రైల్వేవారు రోడ్డు రవాణా శాఖ నొకదానిని నెలకొల్పినారు. మొదట ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇటువంటి బస్సులు నడచినది వందల మైళ్ళు కాదు, లక్షల మైళ్ళు. కోర్టు వాయిదాకు పోవు రైతు, పుట్టింటికి పోవు కోడలు, ఆసుపత్రికి పోవు రోగి, అందరును ఎక్కిన బండ్లవి. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి, 1932 నాటిది, ‘దక్కన్ క్వీన్’ అను పేరుతో హైదరాబాదులో రవాణా సంస్థవారు బాగుచేయించి నిలుపుకొన్నారు. దొరికినవారు తప్పక చూడవలెను. రాజు ఎక్కిన కారుకు ప్రాసాదమే కాపు. ప్రజ లెక్కిన బస్సుకు కాపు ఎవరు?

ఆల్బియన్ కంపెనీ స్కాట్లండులోని గ్లాస్గో నగరమున 1899లో పుట్టినది. దాని రేడియేటరుమీద ఉదయించు సూర్యుని బొమ్మ ఉండెడిది. తెల్లవారుజామున ఊరిచివర చీకటిలో నిలువబడినవారికి ఆ గుర్తు ఎంత తగినదో నేను చెప్పనక్కరలేదు. ఆ కంపెనీ 1951లో లేలాండువారి క్రిందకు పోయినది. ఇక్కడి శాఖ అదే 1951 నవంబరులో రైల్వే చేతి నుండి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. మన బస్సుల నంబరులోని ‘జెడ్’ అక్షరము నిజాము తల్లి జహ్రా బేగము పేరిట వచ్చినదని పెద్దలు చెప్పుకొందురు. వినుటకు ముచ్చటగా నున్నది గనుక మీకును చెప్పినాను.

మన అశ్వారావుపేట సంగతి చూడుడు. ఊరు కదలలేదు గాని ఎల్లలు దానిచుట్టు తిరుగుచునే యున్నవి. నిజాము రోజులలో ఇది వరంగల్లు జిల్లా. తూర్పున ఎల్ల దాటినచో మదరాసు రాజధాని. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడినది. 1956లో ఎల్ల చెరిగినది. 1959లో భద్రాచలము తాలూకా తూర్పుగోదావరి నుండి ఖమ్మమునకు వచ్చినది. 2014లో ఎల్ల మరల గీయబడినది, కుక్కునూరు వేలేరుపాడు అవతలకు పోయినవి. 2016 అక్టోబరులో మనము భద్రాద్రి కొత్తగూడెము జిల్లావారమైనాము. నిజాము రోజులలో ఎల్లకు ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయల మారకము. కరోడ్‌గిరి నాకాలో మూట విప్పి చూపినగాని సరకు దాటనిచ్చెడివారు కారు. ఇటువంటి ఎల్లమీద బ్రతికిన ఊరికి, ఎల్లలను దాటించిన బండికంటె చరిత్ర తెలిసిన సాక్షి వేరొకటి ఉండునా?

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవైనది. అప్పుడు బస్సులకు బొగ్గు గ్యాసు అమర్చినారు. బండి వెనుక నిలువెత్తు ఇనుప పీపా. దానిలో కట్టెబొగ్గు వేసి, గాలి చాలీచాలనట్లు అందించుచు రాజవేయుదురు. నిండుగా గాలి తగిలినచో బొగ్గు బూడిదయగును. చాలకున్నచో మండెడి గ్యాసు పుట్టును. ఆ గ్యాసును గొట్టములలో చల్లార్చి, మసి వడగట్టి ఇంజనులోనికి పంపుదురు. తెల్లవారకముందే క్లీనరు లేచి, చేతిచక్రము గరగర త్రిప్పి నిప్పు రాజవేయవలెను. అరగంటయో ఆపైనో కష్టపడినగాని బండి కదలదు. కదలినను పెట్రోలునాటి బలము లేదు. గట్టు వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి త్రోయవలసినదే. పుట్టిన గ్యాసు విషవాయువు గనుక మూసిన షెడ్డులో దానిని రాజవేయుట ప్రాణాపాయము. యుద్ధము ముగిసి పెట్రోలు రాగానే ఈ పీపాలను పీడ వదలినదన్నట్లు ఊడదీసి పారవైచినారు. పాత బస్సును నిలుపువారు సైతము మెరయు రేడియేటరును వెదకుదురు గాని మసిపట్టిన పీపాను వెదకరు. నన్నడిగినచో అడవి బొగ్గుతో నడచిన మన త్రోవలకు ఆ పీపాయే అసలు ఆభరణము.

ఇక నా తప్పు. నేను వృత్తిచేత వడ్రంగిని, బస్సుల బాడీ కట్టువాడను. 1971లో ఒక పట్టణములో, ఒక షెడ్డులో పని నేర్చుకొనుచుంటిని. షెడ్డు వెనుక తుమ్మచెట్టు క్రింద పాత కఱ్ఱబాడీ బస్సు ఒకటి నిలిచియుండెడిది. కోళ్ళు దానిలో గ్రుడ్లు పెట్టెడివి. జాగా కావలెనని యజమాని దానిని విప్పుమన్నాడు. ముగ్గురము రెండు దినములలో విప్పినాము. రేకు పాత ఇనుము వ్యాపారికి తూకమునకు పోయినది. టేకు నిలువుబద్దలు, మలిచిన మూలకఱ్ఱలు, ఒక్క మేకు కనబడని కూసము అతుకులు, ఎవరి చేతి పనియో తెలియదు, వారముదినములు మా టీ నీళ్ళక్రింద మండినవి. ఆ వంపు ఎట్లు తీసినాడో చూచుకొందమని నాకు తోచలేదు. ఒక పుల్లతోనైనను కొలుచుకొనలేదు. చాల యేండ్ల తరువాత పాత బస్సు నొకదానిని బాగుచేయబూనిన వారొకరు నన్ను వెదకుకొని వచ్చి, “కిటికీ చట్టము లోతెంత? మూలకఱ్ఱ వంపెంత?” అని అడిగినప్పుడు నా నోట మాట రాలేదు.

బాగుచేయుటయన రంగు పూయుట అని మనవారి అభిప్రాయము. అది కడపటి పని. పాత బస్సుకు ఉక్కు చాసిస్ మీద కఱ్ఱ చట్రము, ఆ చట్రము మీద రేకు. రేకుల అతుకుమీద బీడింగు బద్ద. వాననీరు ఆ బీడింగు క్రిందుగా దిగి, మేకుల వెంట కఱ్ఱలోనికి పోవును. పైన రేకు నవనవలాడుచుండును, లోపల నిలువుబద్ద పాదము పుచ్చి పిండియై యుండును. అందుచేత మొదట చిన్న సుత్తితో తట్టి వినవలెను. గట్టికఱ్ఱ ఖంగున పలుకును, పుచ్చినది మూగది. రేకు విప్పునప్పుడు ప్రతి ముక్కకును నంబరు వ్రాయవలెను. పుచ్చిన కఱ్ఱనైనను వెంటనే పారవేయరాదు. మిగిలిన సగమే క్రొత్తదానికి కొలత. క్రొత్త కఱ్ఱ ఎంతమేర అవసరమో అంతమేరకే అతుకవలెను. బాగున్న పాతకఱ్ఱను తీసి క్రొత్తది పెట్టువాడు బాగుచేయుటలేదు, వేరొక బస్సును కట్టుచున్నాడు.

రంగును గీకువారు ఒక్క చోటను పైసవెడల్పున సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్దవలెను. చెట్టు మొద్దులోని వలయములవలె రంగుల పొరలు ఒకదాని క్రింద ఒకటి బయటపడును. మన ఎల్లమీద తిరిగిన బండి యైనచో, ఏ పొరలో ఏ రాజ్యపు రంగున్నదో, ఏ లిపిలో ఊరిపేరున్నదో, అదియే ఒక శాసనము. తొందరపడి రంగు కరగించు మందు పూసితిమా, శాసనము కడిగివేసినట్లే.

ఇంజను బిగుసుకొనియున్నచో బలముతో త్రిప్పరాదు. ప్లగ్గులు తీసి, కిరోసిను నూనె కలిపి పోసి, వారము దినములు ఊరనిచ్చి, మెల్లగా కదలింపవలెను. పాత ఇంజనులలో బేరింగులకు తెల్లలోహము కరగించి పోసెడివారు. ఆ పోత తెలిసిన చేతులు నేడు తగ్గిపోయినవి. హ్యాండిలు కొట్టునప్పుడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ళప్రక్కనే ఉంచవలెను గాని చుట్టిపట్టరాదు. ఇంజను వెనుకకు తన్నెనా మణికట్టు విరుగును. ఇది పుస్తకములలో వెదకినను దొరకునో లేదో, పాత డ్రైవరు నడిగినచో చేయి చూపి చెప్పును. యుద్ధానంతరము పెక్కు పెట్రోలు బండ్లకు డీజిలు ఇంజనులు వేసినారు. అట్టి బండి దొరకినచో మరల పెట్రోలు ఇంజను వెదకి తెచ్చి పెట్టవలెనా? నా మతమున వలదు. ఆ డీజిలు ఇంజనుకూడ దాని బ్రతుకులో భాగమే. ముసలివానికి వెండ్రుకలకు నల్లరంగు వేసినంతమాత్రమున బాల్యము రాదు.

ఇదంతయు ధనవంతుల విలాసమనుకొనవలదు. 1956లో లండనులో కొందరు యువకులు సొమ్ము ప్రోగుచేసికొని, 1929 నాటి ‘టి 31’ అను ఏ.ఇ.సి. బస్సును తుక్కు కానీయక కొన్నారు. వారు ప్రభువులు కారు, బస్సుల మీద మక్కువగల సామాన్యులు. అటుపిమ్మట ఆ దేశమున ఇదొక ఉద్యమమే అయినది.

మనకు చట్టమొక చిక్కు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఏబది యేండ్లు దాటిన పాత వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమములు చేసినది. సంతోషమే. కాని ఆ నియమములు సొంత వాడుకలోని ద్విచక్ర వాహనములకును, డ్రైవరు గాక ఎనిమిదిమందికి మించని బండ్లకును మాత్రమే. అనగా రాజుగారి కారుకు త్రోవ యున్నది, మన బస్సుకు లేదు. మరొకవంక 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు, రవాణా సంస్థల బస్సులతోసహా, రిజిస్ట్రేషను రద్దు. పొగ తగ్గవలెను, ప్రయాణికుల ప్రాణము భద్రముగా నుండవలెను, కాదనను. కాని ఏబదియేండ్లు నిండి పాతదనిపించుకొనుటకు బస్సుకు మనమిచ్చిన ఆయువు పదునైదేండ్లు! ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క బండినైనను, రోడ్డెక్కకుండ, కప్పుక్రింద నిలుపుమని రవాణా సంస్థను అడుగుటకు పంచాయతీ తీర్మానమొకటి చాలును. అట్టి తీర్మానము చేయుమని ఈ సభలోని పెద్దలను కోరుచున్నాను.

అంతవరకు గ్రంథాలయము చేయదగిన పని యున్నది. బాగుచేయువానికి మొదట కావలసినది కఱ్ఱ కాదు, కాగితము. ఫొటో, పర్మిట్టు, ఛార్జీల పట్టిక, టికెట్టు. కృష్ణాజిల్లా ప్రైవేటు బస్సు త్రోవల జాతీయకరణమును గూర్చి గుళ్ళపల్లి నాగేశ్వరరావు వ్యాజ్యము 1958లో సుప్రీముకోర్టుదాక పోయినది. విచారణ ఒకరు జరిపి తీర్పు వేరొకరు చెప్పుట న్యాయము కాదని అందు తేలినది. ఆ తీర్పును నేటికిని న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుచునే యున్నారు. తగవు కాగితమెక్కినది గనుక బ్రతికినది. తగవునకు మూలమైన బస్సుల కొలతలు ఎవరి పుస్తకమునందైన నున్నవా?

ఆ పొయ్యిదగ్గర పోగొట్టుకొన్నదానికి నేను చేసికొన్న ప్రాయశ్చిత్త మొకటి కలదు. అటుతరువాత పాత బస్సు ఎక్కడ కనబడినను, పొలములో కావలి గుడిసెగానున్నను, దాబా వెనుక సామానుల కొట్టుగానున్నను, టేపు పట్టి కొలిచి బొమ్మ గీసి పెట్టుకొన్నాను. అవి రెండు నోటుపుస్తకములు. నూనె మరకలున్నవి, అక్షరము బాగుండదు. నేడు వానిని ఈ గ్రంథాలయమున కిచ్చుచున్నాను. బీరువాలో పెట్టి తాళము వేయవలదు. అడిగినవారిని నకలు తీసికొననిండు.

మీ ఇండ్లలో అటకమీద పాత టికెట్టో, పెండ్లి బృందము బస్సుముందు నిలిచి తీయించుకొన్న ఫొటోయో ఉన్నచో తెచ్చి చూపుడు. ఫొటో మీయొద్దనే యుండవచ్చును, నకలు చాలును. వెనుక ఊరు, సంవత్సరము, తెలిసినంతవరకు బండి నంబరు వ్రాయించుడు. సభ ముగిసిన పిమ్మట నేను వెలుపల అరుగుమీద కూర్చొందును. ఇక్కడ డ్రైవర్లుగా, క్లీనర్లుగా పనిచేసినవారు ఇద్దరుముగ్గురు కనబడుచున్నారు. వారు మొదట రావలెను. బొగ్గు పీపాను గూర్చి తమ పెద్దలవలన విన్నదేమైన నున్నచో ఈ సాయంకాలమే వ్రాసికొనవలెనని యున్నది.